నీడను వద్దన్న తమలపాకు

మొట్టమొదట కదిలింది గన్నేరు.

కుండీ ఒకసారి వణికింది. దాని కింద బిగించిన చిన్న చక్రాలు కిర్రుమన్నాయి. వేపచెట్టు నీడలోంచి జానెడు దూరం జరిగి ఆగిపోయింది. కాసేపు ఏమీ జరగలేదు. వసారా మెట్టు మీద కూర్చున్న రోజలిన్ చేతిలో టీ చల్లారిపోయింది. మళ్ళీ జానెడు జరిగింది, మళ్ళీ ఆగింది. పొద్దు బాగా ఎక్కేసరికి గన్నేరు నీడ దాటి, నర్సరీ నడివాకిట్లో, రెంటచింతల ఎండలో నిటారుగా నిలబడి ఉంది. అక్కణ్ణుంచి ఇక కదల్లేదు.

"చూశావా వదినా! ఎవరూ తొయ్యలేదు. అదే పోయింది" అంది రోజలిన్.

వదిన ఇన్నాసమ్మ చేటలో బియ్యం చెరగడం ఆపేసి నుదుటి మీద సిలువ గుర్తు వేసుకుంది. "మరియ తల్లీ! దానికి కాళ్ళిచ్చావు, సరే. గేటు దాటి మాచర్ల రోడ్డెక్కితే ఎవరు పట్టుకొస్తారే?"

రోజలిన్ పడీపడీ నవ్వింది. ఏడాదిన్నర తర్వాత ఆ ఇంట్లో అంత పెద్ద నవ్వు వినిపించడం అదే మొదలు.

ఆమె కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ఎండ తగిలినా, చీమ కుట్టినా మొక్క ఒంట్లో సన్నటి విద్యుత్తు పారుతుందన్న సంగతి కొత్తది కాదు. రోజలిన్ చేసిందల్లా కాడకూ ఆకు తొడిమకూ వెంట్రుకంత వెండి తీగలు తగిలించి, ఆ విద్యుత్తుకు అర్థం పట్టుకోవడం. ఆకు హాయిగా పనిచేసుకుంటున్నప్పుడు ఎలా పారుతుంది, రంధ్రాలు మూసుకుని బిగదీసుకున్నప్పుడు ఎలా పారుతుంది అన్నది కుండీ అడుగున ఉన్న చిన్న యంత్రం కొద్ది వారాల్లో నేర్చుకుంది. చక్రాలూ మోటార్లూ అదే కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే కరీముల్లా చేసిపెట్టాడు. దాహం వల్ల కదిలిందన్న అనుమానం రాకుండా ప్రతి కుండీకీ సొంత నీళ్ళ డబ్బా ఉంది. జానెడు జరగడం, ఇక్కడ నయంగా ఉందా అని మొక్కను అడగడం, నయమైతే ముందుకు, కాకపోతే వెనక్కి. పని మొత్తం అంతే.

ఆ పని ఆమె ఎందుకు పెట్టుకుందో ఊళ్ళో అందరికీ తెలుసు. ఈ నర్సరీ ఆమె భర్త మర్రెడ్డిది. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ మొక్కలు అమ్మాడు. జనం కొనుక్కుపోయిన మొక్కల్లో సగం మొదటి వేసవికే మాడిపోవడం చూసి బాధపడేవాడు. "మొక్కల్ని చంపేది ఎండ కాదు రోజా, చోటు" అనేవాడు. ఆ మాట నిజమో కాదో తేల్చాలని ఆమెకు పట్టుదల. ఇద్దరూ కలిసి మొదలుపెట్టాలనుకున్నారు. ఈలోగా పక్షవాతం వచ్చి మర్రెడ్డికి కుడి పక్కంతా పడిపోయింది. మాట పోయింది. అప్పటికి అతనికి నలభై ఆరేళ్ళు.

అతన్ని ఇంటి వెనక గదిలో పడుకోబెట్టారు. ముందు గదిలోకి పొద్దుటెండ సూటిగా వస్తుంది, రోడ్డు మోత. వెనక గది పడమటి గోడకు అవతల ఆకుపచ్చ వల పందిరి ఉంది, దాని కింద పొద్దంతా నీడే. ఇంట్లో అంతకన్నా చల్లటి చోటు లేదని అందరూ అనుకున్నారు. పక్క మీంచి దొర్లిపడకుండా మంచాన్ని ఆ గోడకు ఆనించి వేశారు, చచ్చుబడిన కుడి చెయ్యి గోడ వైపు ఉండేటట్టు.

* * *

మే నెల వచ్చేసరికి కుండీలు చాలావరకు తమ తమ చోట్లు చూసుకున్నాయి. రోజలిన్, కరీముల్లా ముందు గదిలో కూలరు పక్కన కూర్చుని తెర మీద చూసేవారు. తెర మీద పెరడు పటం, పటంలో ఒక్కో మొక్కకు ఒక్కో పచ్చ చుక్క. చుక్కలు చీమల్లా పాకుతుంటే ఇద్దరికీ అన్నం గుర్తుండేది కాదు.

కాగితం పూలు గన్నేరు పక్కన చేరాయి. కరివేపాకు కూడా ఎండలోకే పోయింది గానీ, నేల సెగ తగలకుండా గడ్డి ఉన్న చోటు ఎంచుకుంది. మల్లె మధ్యాహ్నం దాకా ఎండ కాచుకుని, తర్వాత గోడ చాటుకు తప్పుకునేది. మందారం వేపచెట్టు అంచున, ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడే చోట ఆగింది. రంగురంగుల క్రోటన్లు రెండు రోజులు తిరిగి తిరిగి చివరికి నీళ్ళ తొట్టి వెనక సర్దుకున్నాయి.

"మనుషులు ఇల్లు అద్దెకి వెతుక్కుంటున్నట్టుంది మేడమ్" అన్నాడు కరీముల్లా.

"వీటికి వాస్తు పిచ్చి లేదు, అదే తేడా" అంది రోజలిన్.

ఒక్కచోటు మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ఇంటి వెనక పందిరి కింద. పొద్దంతా నీడ ఉండే చోట ఒక్క మొక్క కూడా నిలవడం లేదు.

ఎండ పొడ గిట్టని మొక్క ఏదని ఆలోచించి కరీముల్లా తమలపాకు తీగ కుండీని తనే మోసుకుపోయి అక్కడ పెట్టాడు. ఉదయమంతా తీగ హాయిగా ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక తెర మీద దాని చుక్క కదిలింది. జానెడు జానెడుగా పందిరి దాటింది. దాటి, నడివాకిట్లోకి వచ్చేసింది. సాయంత్రం వెళ్ళి చూస్తే ఆకులు చుట్టలు చుట్టుకుపోయి, కాగితం పూల పక్కన వేలాడుతోంది.

"నీడలోంచి ఎండలోకి! తమలపాకు!" రోజలిన్ నమ్మలేకపోయింది.

"వెండి తీగ ఎక్కడో వదులై ఉంటుంది" అని కరీముల్లా తీగలు మార్చాడు. మర్నాడూ అదే కథ. చక్రాలు మార్చాడు. యంత్రం మార్చాడు. చివరికి మొక్కనే మార్చి ఇంకో తమలపాకు పెట్టాడు. అదీ మధ్యాహ్నం దాటగానే బయటికి నడిచింది. పందిరి గుంజకు వేలాడుతున్న తెల్లపెట్టెలోని థర్మామీటరు చూశారు. వేపచెట్టు కింద ఎంత వేడో ఇక్కడా దాదాపు అంతే.

"మరేం చూసి పారిపోతుంది?" కరీముల్లా బుర్ర గోక్కున్నాడు.

రోజలిన్‌కు ఆ ప్రశ్న తలలో జోరీగలా తిరగసాగింది. అన్నం తింటున్నా అదే ధ్యాస.

వెనక గదిలో మర్రెడ్డి సంగతి ఆ రోజుల్లో ఇన్నాసమ్మే చూసుకునేది. తమ్ముడికి అన్నం తినిపించడం, ఒళ్ళు తుడవడం అన్నీ ఆమే. ఎండలు ముదిరినప్పటి నుంచి సాయంత్రమయ్యేసరికి అతను కుదురుగా ఉండలేకపోతున్నాడు. ఎడమ చేత్తో మంచం పట్టె మీద బాదేవాడు. గొంతు చించుకుని అరిచేవాడు. నోట్లో పెట్టిన ముద్ద ఉమ్మేసేవాడు.

"ఉక్కగా ఉందా అబ్బాయ్?" అని ఇన్నాసమ్మ ఫ్యాను పెంచేది. రెంటచింతలలో మే నెలలో ఉక్క ఎవరికి లేదు? ఫ్యాను పెంచితే అరుపు ఇంకా పెరిగేది.

డాక్టరుకు ఫోను చేస్తే, ఈ జబ్బు తర్వాత మనసు అలా కుదురు తప్పడం మామూలేనని చెప్పి ఒక మాత్ర రాశాడు. మధ్యాహ్నం అది వేస్తే చీకటిపడే దాకా నిద్రపోయేవాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. రోజలిన్‌కు తెర ముందు కూర్చోవడానికి అది వీలుగా కూడా ఉండేది.

* * *

"ఇయ్యాల పందిరి కింద తమలపాకుతో పాటు నేనూ కూర్చుంటా" అంది రోజలిన్ ఒక రోజు.

"నీకేమన్నా మతి పోయిందా? బయట నిప్పులు కురుస్తుంటే! కాకి కూడా ఎగరట్లేదు" అంది ఇన్నాసమ్మ.

"నీడలోనేగా వదినా. నీడలో ఏమయిద్ది?"

తలకు తడి తువ్వాలు చుట్టుకుని, నీళ్ళ సీసా పట్టుకుని, పందిరి కింద తమలపాకు కుండీ పక్కనే పీట వేసుకు కూర్చుంది. మొదట్లో బాగానే ఉంది. పై వల ఎండను ఆపుతోంది. తీగ కూడా కదలకుండా ఉంది. ఆమెకు కునుకు పట్టబోయింది.

ఉన్నట్టుండి కళ్ళ మీద ఎవరో అద్దం తిప్పినట్టయింది. ఆకాశంలోంచి కాదు, ఎదురుగా, వల అంచు కిందనుంచి వచ్చింది వెలుగు. చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. సందు అవతల పోయిన చలికాలంలో కట్టిన మిరపకాయల గోడౌను. దాని కొత్త రేకుల కప్పు వీళ్ళింటి వైపు వాలుగా ఉంది. పడమటికి తిరిగిన సూర్యుడు ఆ రేకుల మీద పడి, అక్కణ్ణుంచి సూటిగా పందిరి కిందికి దూరుతున్నాడు. ఈ వేళప్పుడు ఇక్కడికి ఎవరూ రారు. ఎండ తగ్గాక వచ్చి చూస్తే ఈ వెలుగు ఉండదు.

కుండీ వణికింది. జానెడు జరిగింది.

రోజలిన్ మాత్రం కదల్లేదు. మొహం మంటెత్తుతున్నా కూర్చుంది. వెలుగు గోడ మీదంతా పరుచుకుని, చాలాసేపు ఉండి, నెమ్మదిగా పక్కకు తప్పుకుంది. మళ్ళీ నీడ వచ్చింది. కానీ చల్లబడలేదు. వెనకనుంచి వీపును ఏదో కాలుస్తోంది. లేచి గోడ మీద అరచెయ్యి పెట్టి చటుక్కున లాక్కుంది. పల్నాటి రాళ్ళతో కట్టిన గోడ పెనంలా కాలుతోంది. రాయి తాగిన ఎండను ఇప్పుడు కక్కుతోంది. ఆ సెగ ఆకులకు తగులుతుంది, ఒంటికి తగులుతుంది. తెల్లపెట్టెలో దాక్కున్న థర్మామీటరుకు గాలి వేడి తప్ప ఈ సెగ తెలియదు.

ఆమెకు ఆనందంతో గెంతాలనిపించింది. అక్కడే నిలబడి కరీముల్లాకు ఫోను చేసింది.

"దొరికింది! మన మొక్క పిచ్చిది కాదు. గోడౌను రేకులు అద్దంలా పనిచేస్తున్నాయి. గోడ కాలిపోతోంది. ఈ వేడి చీకటిపడే దాకా తగ్గదు. ఎండలో కనీసం గాలాడుతుంది, ఇక్కడ పొయ్యి. తమలపాకుకి తెలిసిపోయింది!"

అటువైపు కరీముల్లా కూడా కేక పెట్టాడు. అంతలో అతని గొంతు మారింది.

"మేడమ్, ఆ గోడకి అవతల ఏముంది?"

రోజలిన్ గోడ వైపు చూసింది. ఫోను చేతిలోంచి జారిపోయింది.

ఇల్లు చుట్టి గదిలోకి పరుగెత్తేసరికి మర్రెడ్డి కదలకుండా పడి ఉన్నాడు. ఒంటి మీద చెమట చుక్క లేదు. చర్మం పొడిగా, జ్వరం మనిషికన్నా వేడిగా ఉంది. పిలిస్తే పలకడం లేదు. గోడకు ఆని ఉన్న కుడి చెయ్యి ఎర్రగా కమిలి, మోచేతి దగ్గర బొబ్బ లేచింది. ఆ చేతికి స్పర్శ లేదు. ఉన్నా, మాత్ర నిద్రలో చెప్పలేడు.

"వదినా! నీళ్ళు!"

ఇద్దరూ మంచాన్ని గది మధ్యకు ఈడ్చారు. దుప్పట్లు తడిపి కప్పారు. ఇన్నాసమ్మ బిందెలు బిందెలుగా తెచ్చి పోస్తూనే ఉంది. నోట్లో జపమాల ప్రార్థన, కళ్ళల్లో ధార. కరీముల్లా అంబులెన్సు వెంటబెట్టుకుని వచ్చాడు.

* * *

మాచర్ల ఆసుపత్రిలో వారం పైగా ఉన్నారు. మర్రెడ్డి బతికాడు. మూడో రోజు కళ్ళు తెరిచి భార్యను గుర్తుపట్టాడు. ఆమె కట్టు కట్టిన అతని చెయ్యి పక్కన తల ఆనించి కూర్చుండిపోయింది.

వరండాలో ఇన్నాసమ్మ గొంతు వినిపించింది. కరీముల్లాతో అంటోంది.

"రోజూ అరిచాడయ్యా. మనిషి అరిస్తే మాత్ర వేసి పడుకోబెట్టాం. చెట్టు కదిలితే మాత్రం పరుగెత్తుకుపోయి చూశాం. ఇదేం చదువో, ఇదేం ప్రేమో నాకు తెలవట్లా."

ఆమె ఎవరినీ నిందించడం లేదు. తనను కూడా కలుపుకునే అంది. అయినా ఆ మాట రోజలిన్ గుండెలో గునపంలా దిగింది.

అదే ఆసుపత్రిలో మాట పోయినవాళ్ళకు శిక్షణ ఇచ్చే ఒక అమ్మాయి వాళ్ళకు ఒక పద్ధతి నేర్పింది. కళ్ళు మూస్తే కాదు. సూటిగా చూస్తూ ఉంటే అవును. అడిగేవాళ్ళు తొందరపడకుండా ఒక్కొక్క మాటే అడగాలి. ఏడాదిన్నర ముందే ఇది ఎవరూ ఎందుకు చెప్పలేదని రోజలిన్ అడగలేదు. తను ఎందుకు వెతకలేదని మాత్రం అనుకుంది.

ఇంటికొచ్చాక మర్రెడ్డి మంచం ముందు గదిలోకి మారింది. గోడౌను యజమానితో మాట్లాడి రేకుల మీద సున్నం వేయించారు. కరీముల్లా ఒక సంగతి ప్రతిపాదించాడు.

"మొక్కకి చేసింది సార్‌కి ఎందుకు చెయ్యకూడదు మేడమ్? ఒంటి వేడి, చెమట, నాడి చూసే పట్టీ చేతికి కడదాం. చక్రాల కుర్చీకి మోటారు పెడదాం. ఎవరినీ అడక్కుండా ఆయనకి ఎక్కడ హాయిగా ఉంటే అక్కడికి ఆయనే పోతారు."

రోజలిన్ ఆశగా భర్త వైపు చూసింది. అతను సూటిగా చూశాడు. అవును.

యంత్రం మనిషిని మొక్కకన్నా తొందరగా నేర్చుకుంది. నాలుగైదు రోజుల్లో కుర్చీ మర్రెడ్డిని వసారా మెట్టుకు వాలుగా వేసిన పలక మీంచి కిందికి దించి, వేపచెట్టు దాటించి, నీళ్ళ తొట్టి వెనక తడి ఇసుక పక్కకు చేర్చింది. నర్సరీ మొత్తంలో అదే అన్నిటికన్నా చల్లటి చోటు. నాడి నిమ్మళించింది. ఒళ్ళు చల్లగా ఉంది. తెర మీద గీతలు చూసి కరీముల్లా చప్పట్లు కొట్టాడు. ఇన్నాసమ్మ కొబ్బరికాయ పచ్చడితో అందరికీ అట్లు పోసింది.

రెండు రోజులు బాగానే గడిచింది. మూడో రోజు రోజలిన్ తొట్టి వెనక్కి వెళ్ళేసరికి మర్రెడ్డి చెంపల మీద తడి చారలు కనిపించాయి.

"ఏమండీ, వేడిగా ఉందా?"

కళ్ళు మూశాడు.

"నొప్పా?"

మళ్ళీ మూశాడు.

ఆమె కుర్చీని తిప్పింది. తొట్టి గోడ తప్ప ఏమీ కనబడని చోటు నుంచి గేటు వైపుకు. అతను సూటిగా చూశాడు. నాలుగడుగులు ఎండలోకి తోసింది. నాడి కాస్త పెరిగిందో లేదో మోటారు మేల్కొంది. కుర్చీ వెనక్కి దొర్లడం మొదలుపెట్టింది. అప్పుడు మర్రెడ్డి ఎడమ చెయ్యి కిందికి దిగి చక్రాన్ని పట్టుకుంది. రబ్బరు అరచేతిని గీసుకుపోతున్నా వదల్లేదు. పళ్ళు బిగించాడు. యంత్రం వెనక్కి లాగుతోంది, మనిషి ముందుకు.

రోజలిన్ మోటారు తీగ పీకేసింది. కుర్చీ ఆగింది.

"మేడమ్, గీతలన్నీ బాగున్నాయే! అక్కడే కదా ఆయనకి సుఖం?" కరీముల్లా పరుగెత్తుకొచ్చాడు.

"ఒంటికి సుఖం కరీముల్లా. మొక్కకి ఒళ్ళు బాగుంటే చాలు, అదే దాని ఇష్టం. ఈయనకి అట్టా కాదు. మనం ఈయన్ని కుండీలో పెట్టాం."

చేతికున్న పట్టీ విప్పేసింది. కుర్చీ వెనక్కి వచ్చి తనే తోసింది. జానెడు తోసి, ముందుకు వచ్చి అతని కళ్ళు చూసింది. ఇటా? కాదు. అటా? అవును. ఇంకానా? అవును. పావుగంటలో పోవాల్సిన దారికి గంట పట్టింది. ఇన్నాసమ్మ గొడుగు పట్టుకుని వెంట నడిచింది. కుర్చీ చివరికి గేటు పక్కన, రోడ్డు కనిపించే చోట, మొక్కలు కొనడానికి వచ్చేవాళ్ళు మొదట అడుగుపెట్టే చోట ఆగింది. ఇంకానా అని అడిగితే కళ్ళు మూశాడు. మూసినవి తెరిచి రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు.

దారిన పోతున్న ఆటో ఆగింది. "మర్రెడ్డన్నా! కూర్చున్నావే!" అని ఎవరో కేక పెట్టారు. అతని పెదవుల ఎడమ కొస కదిలింది.

* * *

రోజూ పొద్దున అక్కడే కూర్చుంటానని కళ్ళతోనే చెప్పాడు. అక్కడ చెట్టు లేదు.

"సరే, చెట్టు నాటుదాం. ఏది కావాలో మీరే చెప్పండి" అంది రోజలిన్. "వేప?" కళ్ళు మూశాడు. "కానుగ?" మూశాడు. "తురాయి? బాదం?" రెప్పలు గట్టిగా బిగించాడు. బాదం ఆకులు ఊడవలేక ఇన్నాసమ్మ పడే తిప్పలు అతనికి తెలుసు. "గంగరావి?" సూటిగా చూశాడు.

బాగానే ఆలోచించాడు. గంగరావికి లేత మొక్క అక్కర్లేదు. మనిషెత్తు కొమ్మ నరికి పాతితే నాలుగు వానలకే గుబురెక్కుతుంది. కరీముల్లా కాలువ గట్టు నుంచి రెండు కొమ్మలు కొట్టించుకొచ్చాడు.

ఎక్కడ నాటాలన్న దగ్గర పేచీ వచ్చింది. పొద్దుటెండ తూర్పునుంచి వస్తుంది కాబట్టి కుర్చీకి తూర్పున నాటాలి. రోజలిన్ కొమ్మ పట్టుకుని అక్కడ నిలబడింది. మర్రెడ్డి కళ్ళు మూశాడు. నాలుగడుగులు జరిగింది. మూశాడు. దక్షిణానికి పోయింది, మూశాడు. కుర్చీ నుంచి దూరంగా, పెరటి మధ్యకు వచ్చేసింది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది.

"వీడు మొండోడే. చిన్నప్పటి నుంచీ ఇంతే" అంది ఇన్నాసమ్మ, సంతోషంగా.

పడమటి వైపు ఒకచోట రోజలిన్ ఆగేసరికి మర్రెడ్డి సూటిగా చూశాడు. రెప్ప వెయ్యలేదు.

"సార్‌కి అర్థం కాలేదేమో మేడమ్. ఇక్కడ నాటితే ఆయన మీద ఏ పూటా నీడ పడదు" అన్నాడు కరీముల్లా.

"ఇక్కడేనా? నిజంగా?" మళ్ళీ అడిగింది. అవును. మూడోసారి అడిగితే అతనికి కోపం కూడా వచ్చింది.

గొయ్యి తవ్వి కొమ్మ నాటింది.

ఎండ వాలాక రోజలిన్ ఎప్పటిలాగే ఆరుబయట బల్ల దగ్గర కుండీలకు మట్టి కలపడానికి నిలబడింది. మర్రెడ్డికి జబ్బు చేసినప్పటి నుంచి ఆ పని ఆమెదే. కాలేజీ నుంచి రాగానే, తలకు కొంగు చుట్టుకుని, పడమటి ఎండకు వీపు ఒప్పజెప్పి మట్టి కలుపుతుంది. ముందు గది కిటికీలోంచి చూస్తే బల్ల కనబడుతుంది. పిడికెడు ఎరువు మట్టిలో వేసి పిసుకుతుండగా చేతుల మీద సన్నటి చార ఒకటి కనిపించింది. తుడుచుకోబోయింది. అది మరక కాదు, నీడ. గంగరావి కొమ్మ నీడ ఆమె భుజం మీంచి దిగి, చేతుల మీదుగా బల్ల దాకా పాకి ఉంది. ఇంకా ఆకు కూడా వెయ్యని కొమ్మ నీడ, బొటనవేలంత వెడల్పు.

తల తిప్పి చూసింది. కిటికీ అవతల మర్రెడ్డి ఆమెనే చూస్తున్నాడు.

రోజలిన్ మట్టిచేతులతోనే గునపం అందుకుంది. రెండో కొమ్మను గేటు దగ్గర, అతను కూర్చునే చోటుకు తూర్పున నాటింది. ఆ చోటు గురించి అతన్ని ఏమీ అడగలేదు.